లారీ ప్రెస్సూ, మామ పోసిన నీళ్లూ

ఇప్పుడు నా నోటికి మా వీధి మొత్తం జడుస్తుంది. పాలలో నీళ్లు కలిపి తెచ్చినవాణ్ణి వాకిట్లోనే నిలబెట్టి కడిగేస్తాను. మనవరాలు ఒకతె మొన్న అడిగింది, "అవ్వా, నువ్వు పుట్టడమే గయ్యాళిగా పుట్టినావా?" అని. కాదు. ఇరవై ఏళ్ల వయసులో నేను నోరు తెరిస్తే ఒట్టు. మెత్తనిదాన్ని కాబట్టి కాదు, భయస్తురాలిని కాబట్టి. అలా మూసుకున్న నోరు ఒకసారి నా మొగుణ్ణి చంపినంత పని చేసింది. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ సరిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్పేస్తాను.

మాది కమ్మరి కులం. మా పుట్టిల్లు కడపకు ఇవతల రెండు కోసుల దూరం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, తమ్ముడు ఇంకా చంటివాడు. అందుకని మా నాయన కొలిమి దగ్గర తిత్తి ఊదే పని నా మీద పడింది. పదేళ్ల వయసు నుంచి పెళ్లయ్యేదాకా ఊదాను. ఇనుము ఎంత కాగిందో రంగు చూసి చెప్పడం నాకు అన్నం ఉడికిందో లేదో చూసినంత సులువు. ఏ ఇనుమును నీళ్లలో ముంచాలి, దేన్ని బూడిదలో పెట్టి తనంతట తాను చల్లారనివ్వాలి అన్నది కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, పదును నిలుస్తుంది. కానీ గట్టిపడిన ఇనుము పెళుసు కూడా అవుతుంది. బరువు మోసేదానికి, కుదుపు తట్టుకోవలసినదానికి నీళ్లు తగలనివ్వకూడదు.

నన్ను ఇచ్చింది కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లెకు. మా మామ బండిచక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించడంలో ఆ చుట్టుపక్కల పేరున్నవాడు. ఆ పని చూసినవాళ్లకు తెలుస్తుంది. పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చి, పట్టుకార్లతో ఎత్తి, కొయ్య చక్రం మీద కూర్చోబెట్టాలి. కూర్చున్న మరుక్షణం నీళ్లు పోయాలి. ఆలస్యమైతే చక్రం కాలిపోతుంది. నీళ్లు పడగానే పట్టా ముడుచుకుని కొయ్యను బిగబట్టేస్తుంది. పట్టా మెత్తటి ఇనుము కాబట్టి నీళ్లు దాన్నేమీ చేయవు. మామ పని చేస్తున్నంతసేపూ ఆయన ఎడమ చేతి పక్కన కడవ, అందులో చెంబు ఉండాల్సిందే. ఆ చెంబు కోసం ఆయన చూసేవాడే కాదు. చెయ్యి తనంతట తానే పోయేది.

ఆ రోజుల్లో మా ఇళ్లలో కోడలు మామతో నేరుగా మాట్లాడేది కాదు. ఎదురుగా నిలబడేది కాదు. ఏదైనా చెప్పాల్సి వస్తే పంచలో గుంజకు చెప్పాలి. "అన్నం ఉడికింది, తినేవాళ్లు రావచ్చు" అని నేను గుంజతో అంటే, "వస్తాండామని చెప్పు" అని మామ కూడా ఆ గుంజతోనే అనేవాడు. కాపురానికి వచ్చి మూడేళ్లయినా మా ఇద్దరి మధ్య ఆ కొయ్య గుంజే రాయబారి.

మా ఆయనకు కొలిమి పట్టలేదు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు అమ్మేసిన పెట్రోలు లారీ ఒకటి నాలుగు చేతులు మారి ఈయన చేతికి వచ్చింది. వేరుశనగ బుడ్డలు, బండలు, దూది మూటలు, ఏది దొరికితే అది వేసుకుని తిరిగేవాడు. రిపేరు వస్తే మా వాకిలే షెడ్డు. మామకు ఆ లారీ మొహం చూస్తేనే మంట. "ఎద్దుకు రోగమొస్తే మూలుగుతాది. ఇది మూలగను గూడా మూలగదు, సంపేస్తాది" అనేవాడు.

ఆ లారీ స్టీరింగు నుంచి ముందు చక్రానికి ఒక కడ్డీ పోతుంది. ఆ కడ్డీ కొసన గుండు ఉంటుంది, మన తొడ ఎముక తుంటిలో తిరిగినట్టు గిన్నెలో అటూ ఇటూ తిరుగుతుంది. మెకానిక్కులు బాల్ జాయింటు అనేవాళ్లు, మా ఇంట్లో గుండు అనే అనేవాళ్లం. గుండుకు ఉన్న కాడ, చక్రం దగ్గర నుంచి చాచి ఉన్న ఇనుప చేతిలోని కన్నంలో దిగబడి ఉంటుంది. డ్రైవరు స్టీరింగు తిప్పితే కడ్డీ ఆ చేతిని లాగుతుంది, చక్రం తిరుగుతుంది. చెయ్యి విరిగితే స్టీరింగు ఊరికే తిరుగుతుంది, లారీ తనకు తోచిన దిక్కుకు పోతుంది.

మా దారుల్లో గుండు ఏడాదికోసారి అరిగిపోయేది. కొత్తది వేయడం కష్టం కాదు. పాతదాని కాడ కన్నంలో బిగుసుకుపోయి ఉంటుంది, దాన్ని ఊడదీయడమే గండం. మామ దానికోసం రెండు కాళ్ల ఉలి ఒకటి సాగగొట్టి ఇచ్చాడు. దాన్ని సందులో పెట్టి పెద్ద సుత్తితో మోదేవాళ్లు. ఒకసారి అలా మోదుతుంటే ఉలి అంచు నుంచి ఒక పెచ్చు లేచి మా ఆయన చెవి పక్క నుంచి పోయి మట్టిగోడలో దిగబడింది. చెవి తమ్మె చిట్లి నెత్తురు కారింది. గోడలోంచి ఆ పెచ్చును గోటితో గీకి తీసింది నేనే. వేలెడు లోతు పోయి ఉంది. అది రెండంగుళాలు ఇవతలికి వచ్చి ఉంటే తలలో దిగేది. ఆనాటి నుంచి సుత్తి చప్పుడు వినిపిస్తే చాలు, వంటింట్లో నేను చేసే పని ఆపేసి, మా ఆయన గొంతు వినబడేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉండేదాన్ని.

నంద్యాలలో ఒక మెకానిక్కు మా ఆయనతో, సుత్తి అక్కర్లేకుండా గుండును నెట్టేసే ప్రెస్సు ఉంటుందని, కర్నూల్లో పాత మిలిటరీ సామాను అంగళ్లలో దొరుకుతుందని చెప్పాడు. నేను ఆ రాత్రి నుంచి పట్టు వదల్లేదు. చివరికి మా ఆయనే అన్నాడు, "నువ్వు గూడా రా. ఇనుము సూసేదానికి నీ అంత కన్ను నాకు ల్యాదు." ఇంట్లో మాత్రం కర్నూల్లో ఉన్న మా పెద్దమ్మను చూసి రావడానికి అని చెప్పాం.

కర్నూలు అప్పుడు రాజధాని. గుడారాల్లో ఆఫీసులు, రోడ్ల మీద ఎక్కడెక్కడి వాళ్లో. ఆ సందట్లో పాత సామాను అంగడి ఒకటి వెతికి పట్టుకున్నాం. అంగడి సాయిబు పెద్దమనిషి. గోనెపట్టా మీద రెండు ప్రెస్సులు పెట్టాడు. రెండూ ఒకటే తీరు. కొడవలిలా వంగిన ఇనుప చట్రం, దాని ఒక కొస నుంచి లోపలికి దిగే మర. చట్రాన్ని లారీ చేతికి తగిలించి మర బిగిస్తే, మర మొన గుండు కాడను నెట్టుకుంటూ పోయి బయటికి తోసేస్తుంది. ఒకటి పెద్దది, బరువైనది, నిగనిగలాడే పచ్చరంగు. రెండోది అందులో సగం, తుప్పు పట్టి, ఏ గాడిద మీది నుంచో పడినట్టుంది. పైగా చిన్నదానికే ఖరీదు ఎక్కువ.

"పెద్దది తీస్కోప్పా. ఏనుగును గూడా నెట్టేస్తాది. పక్కా మిలిటరీ మాలు" అన్నాడు సాయిబు.

కమ్మరి వీధిలో సూదులు అమ్మబోయినట్టుంది ఆయన వ్యవహారం. నేను అక్కడే పడి ఉన్న ఒక బోల్టు తీసుకుని పెద్దదాని వీపు మీద ఒక దెబ్బ వేశాను. దబ్ మని ఆగిపోయింది. చిన్నదాని మీద వేశాను. ఖంగుమని కాసేపు మోగింది. పెద్దదాన్ని తిరగేసి అంచు మీద వేలితో తడిమితే రంగు కింద సన్నటి గీత తగిలింది. అచ్చులో పోసినదానికే ఆ అతుకు గీత ఉంటుంది. పోత ఇనుము బరువు ఎంతైనా మోస్తుంది, కానీ లాగితే చెప్పాపెట్టకుండా పగులుతుంది. చిన్నది సమ్మెటతో సాగగొట్టిన ఇనుము. విరిగేముందు వంగుతుంది, వంగి మనిషికి తప్పుకునే వ్యవధి ఇస్తుంది. లారీ చేతి మందం ఇంట్లోనే నూలు దారంతో కొలుచుకుని కొంగున ముడేసుకొచ్చాను. దారం తీసి చూస్తే చిన్నదాని నోరు సరిగ్గా పట్టింది.

సాయిబు గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "ముప్పై ఏండ్లాయె అంగడి పెట్టి. ఆడకూతురు వచ్చి ఇనుమును కొట్టి ఇనేది ఈ పొద్దే సూస్తాండా."

మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "ఇంత పిసరంత దాన్ని తీస్కపోతే నాయన నవ్వుతాడు మే."

"నవ్వనీ. పెద్దది పగిల్తే ఆ ముక్క యాడికి పోతాదో నాకు తెలీదు. గోడలోకే పోతాదని ఏం నమ్మకం?"

ఆయన చెయ్యి చెవి మీదికి పోయింది. చిన్నదే కొన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ ప్రెస్సును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పెళ్లయ్యాక నేను ఎంచిన మొదటి వస్తువు అదే. గర్వంగా ఉండింది, దాచడమెందుకు.

అనుకున్నట్టే మామ దాన్ని చూసి నవ్వాడు. "ఇది ప్రెస్సా, అడకత్తెరా? వక్కలు కత్తిరించేదానికి తెచ్చినారా?" అని గుంజను అడిగాడు. గుంజ నా తరఫున ఏం జవాబు చెబుతుంది!

వారం తిరక్కుండానే గుండు మార్చాల్సి వచ్చింది. మరుసటి రోజు తెల్లవారి బుడ్డల మూటలు వేసుకుని రాయచోటికి పోవాలి. అంటే కడప దాటి గువ్వలచెరువు కనుమ ఎక్కి దిగాలి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. పొద్దున్నే ముందు చక్రం ఊడదీసి, ఇరుసు కింద నాపబండలు పేర్చి, మా ఆయన ప్రెస్సు తగిలించాడు. మరకు పొడుగు కడ్డీ దూర్చి బిగించాడు. బిగిసింది గానీ గుండు కదల్లేదు. ఇంకా బిగించాడు. మెడనరాలు ఉబ్బాయి. కదల్లేదు.

బిగించి అలాగే వదిలేయాలని, కాసేపాగి పక్క నుంచి మెల్లగా తట్టాలని నంద్యాల మెకానిక్కు చెప్పి ఉన్నాడు. మా ఆయన ఆ మాటే అన్నాడు. కానీ మా మామ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. "బిగబట్టిన ఇనుము నిప్పు సూపిస్తే తప్ప వదల్దు. నలభై ఏండ్లు సేసిన పని, నాకు సెప్తాండావా?" అన్నాడు. ఇనుప బొచ్చెలో బొగ్గులు పోసి, రాళ్ల మీద ఎత్తుపెట్టి, లారీ చేతి కొసను బొగ్గుల్లో మునిగేట్టు చేశాడు. ప్రెస్సు దాని మీదే బిగిసి ఉంది. తిత్తి ఊదడానికి నన్ను పిలవమని అత్తతో చెప్పాడు.

నేను ముసుగు లాక్కుని, మామకు వీపు పెట్టి కూర్చుని ఊదడం మొదలుపెట్టాను. పెట్రోలు ట్యాంకు నాకు నాలుగు బారల దూరంలో ఉంది. మా ఆయన దాని మీద తడి గోనెలు కప్పాడు. అయినా వాసన వస్తూనే ఉంది. ఒక్కో ఊదుకు నిప్పురవ్వలు లేచి ఆ దిక్కుకు పోతుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎప్పుడు పేలుతుందో, ముందు ఎవరు పోతామో అనుకుంటూ ఊదాను. ఆగమని చెప్పే ధైర్యం లేదు. మెడ తిప్పి చూస్తే, లారీ చెయ్యి కొస మోదుగపువ్వు రంగుకు వచ్చింది.

ఢాం అని చప్పుడయింది. ట్యాంకే అనుకుని తిత్తి వదిలేసి నేలకు బోర్లాపడ్డాను. ట్యాంకు కాదు. గుండు ఊడిపడింది. నేను తల ఎత్తేసరికి చుస్సుమని ఆవిరి లేచింది. మామ ఎడమ చెయ్యి అలవాటు చొప్పున చెంబు అందుకుని, ఎర్రగా ఉన్న లారీ చేతి మీద నీళ్లు పోసేసింది.

ఆవిరి పోయాక చూశాను. పైపొర రాలిపోయి చెయ్యి కొస బూడిదవన్నెలో తెల్లబడి ఉంది. కొడవలికి పదును పెట్టినప్పుడు వచ్చే వన్నె అది. బండి పట్టాకు చేసినట్టు చేసేశాడు. ఇది పట్టా కాదు. ఇది నా మొగుడి ప్రాణాలు మోసే ఇనుము.

ఆ క్షణాన మామ గుంజ వైపు తిరిగి గట్టిగా అన్నాడు, "కోడలు తెచ్చిన అడకత్తెర పనిమంతురాలే!"

మూడేళ్లలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. మా ఆయన నా వంక చూసి నవ్వాడు. అత్త నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు. మామకు భయపడి నోరు మూసుకున్నానని అందరికీ చెబుతాను, అది సగమే నిజం. నోరు తెరిస్తే, నేను ఎంచి తెచ్చిన ప్రెస్సు గుండును ఊడదీయలేదు, నిప్పు ఊడదీసింది అని ఒప్పుకోవాలి. దొరక్క దొరక్క దొరికిన మెప్పు అలా పోవడం నాకు ఇష్టం లేకపోయింది.

అంట్లు తోమేటప్పుడు అత్తతో మెల్లగా అన్నాను, నీళ్లు పోయకుండా ఉండాల్సింది అని. అత్త గిన్నె కింద పెట్టి నా వైపు చూసింది. "మీ మామకు ఇనుము నేర్పిస్తావా? ఆ మాట ఇంగ అనొద్దు." అంతే. మా ఆయన సాయంత్రానికి కొత్త గుండు బిగించి, మూటలు ఎత్తించాడు. చెబుదామని రెండుసార్లు దగ్గరికి పోయాను. రెండుసార్లూ మామ అక్కడే ఉన్నాడు. నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చెంబెడు నీళ్లకు ఏమవుతుంది, ఇనుము అంత మందం ఉంది, రంగు నేను సరిగా చూశానో లేదో. ఒక్కటీ నమ్మలేదు. చివరికి నాకు తోచిన తెలివి ఏమిటంటే, పుట్టింటికి పోతానని చెప్పి నేను కూడా లారీ ఎక్కడం. విరిగితే ఇద్దరం పోతాం అనుకున్నాను. చెప్పడం కంటే చావడం సులువనిపించిన వయసు అది.

ఆ ప్రయాణం నాకు అడుగడుగునా గుర్తుంది. జమ్మలమడుగు దాకా రోడ్డు వంక ఒక్కసారి కూడా చూడలేదు. మా ఆయన చేతులనే చూస్తూ కూర్చున్నాను. ఆయన స్టీరింగు తిప్పడం, లారీ తిరగడం. తిప్పినప్పుడల్లా, ఇప్పుడు తిరగదు అనుకునేదాన్ని. తిరిగేది. మళ్లీ తిప్పేవాడు. గుంతలో చక్రం పడి లేచినప్పుడల్లా నా పళ్లు పళ్లు కొట్టుకునేవి. ఎదురుగా ఎద్దులబండి వస్తే బండివాడి మొహం వంక చూసి, వీడికేం తెలుసు పాపం అనుకునేదాన్ని. మా ఆయన హుషారుగా ఉన్నాడు. స్టీరింగు ఇప్పుడు వెన్నలా తిరుగుతోందని, అంతా నా ప్రెస్సు చలవేనని అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ప్రొద్దుటూరు దాటాక కొంతదూరం కాలువ గట్టు మీద పోవాలి. కింద నిండుగా నీళ్లు. అక్కడ గొర్రెల మంద అడ్డమొస్తే ఆయన సర్రున పక్కకు కోశాడు. నేను కళ్లు మూసుకుని ఊళ్లో పీరుస్వామికి మొక్కుకున్నాను, కడప చేరితే నిప్పుల గుండం తొక్కుతానని. లారీ మళ్లీ దారిలోకి వచ్చింది. "ఏమే, దడుసుకుంటివా?" అని ఆయన నవ్వాడు. అప్పుడైనా చెప్పాల్సింది. పొద్దున్నుంచి చెప్పకుండా ఇప్పుడు చెబితే ఏమంటాడో అని కొత్త భయం. ఆలస్యమైన కొద్దీ చెప్పడం ఇంకా కష్టమవుతుందని ఆ రోజు తెలిసింది.

పెన్న దాటి మా పుట్టింటి దారి దగ్గర లారీ ఆపాడు. అక్కడ నేను దిగి నడిచిపోవాలి. ఆయన కడప దాటి కనుమకు పోవాలి. మూట చేతికిచ్చి "దిగు" అన్నాడు. నేను దిగలేదు.

"దిగు మే. పొద్దు వాలకముందే కనుమ దాటల్ల."

నేను తలుపు పట్టుకుని కూర్చున్నాను. ఆయనకు విసుగొచ్చింది. "ఏమైంది నీకు? పుట్టింటికని నువ్వే గదా అంటివి?"

నేను దిగితే ఆయన ఒక్కడే పోతాడు. నేను అనుకున్నట్టు ఇద్దరం కాదు, ఒక్కడే. అది తోచాక నోరు దానంతట అదే తెరుచుకుంది.

"పోవద్దు. మామ నీళ్లు పోసినాడు. లారీ చెయ్యి కొడవలి మాదిరి అయిపోయింది. ఇరుగుతాది. నేను సూసినా. రంగు గూడా సూసినా."

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత మొహం ఎర్రబడింది. "ఇంత దూరం వచ్చినాంక చెప్తాండావా? నాయనకు తెలీదా ఇనుము?" అని అరిచాడు. ఆయన దిగి, సీటు కింద నుంచి పెద్ద సుత్తి తీసుకుని ముందు చక్రం పక్కన కూర్చున్నాడు. నేనూ దిగి వెనకాల నిలబడ్డాను. ఒక దెబ్బ వేశాడు. ఏమీ కాలేదు. "సూడు, ఇరిగిందా?" అన్నాడు కోపంగా. నాకు ఒక్క క్షణం సిగ్గేసింది, ప్రాణం కూడా లేచొచ్చింది. రెండో దెబ్బ వేశాడు.

చెయ్యి కొస ఊడి నా కాళ్ల దగ్గర దుమ్ములో పడింది. వంగలేదు, సాగలేదు. కుండ పెంకులా విరిగింది. విరిగిన చోట ఉప్పురవ్వల్లా తెల్లగా మెరిసింది. కడ్డీ వేలాడుతోంది.

మా ఆయన సుత్తి పట్టుకునే రోడ్డు మీద చతికిలబడ్డాడు. "కాలువ గట్టు" అన్నాడు. ఆ తర్వాత "కనుమ" అన్నాడు. నేను ఆయన పక్కన కూర్చుని, ఆ చెవి తమ్మె పట్టుకుని ఏడ్చాను.

కడపలో ఒక పాత లారీ నుంచి తీసిన చెయ్యి దొరికింది. విరిగిన ముక్కలోంచి కొత్త గుండు రాలేదు, బిగుసుకుపోయి ఉంది. ఈసారి దాన్ని బండకు ఆనించి, లారీలో పెట్టుకొచ్చిన ప్రెస్సు తగిలించి బిగించి, అలాగే వదిలేసి మా పుట్టింట్లో అన్నం తిన్నాం. వచ్చి పక్క నుంచి నాలుగు తట్లు తడితే టక్కుమని ఊడివచ్చింది. మొదటిరోజు కూడా దానికి కావలసింది ఆ కాస్త ఓపికే, నిప్పు కాదు. మూటలు రాయచోటిలో దించి, దారిలో నన్ను ఎక్కించుకుని మా ఆయన ఊరి దారి పట్టాడు. నాయనతో గట్టిగా మాట్లాడనని, దారిలో రాయి తగిలి విరిగిందని చెబుతానని నాతో అన్నాడు. ముసలాయన మనసు కష్టపెట్టడం ఎందుకు అన్నాడు. నేను సరేనన్నాను.

ఊరు బయట, రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ మీద మామ కూర్చుని ఉన్నాడు. ఎండలో, నెత్తిన గుడ్డ కూడా లేకుండా. లారీ కనబడగానే లేచి నిలబడ్డాడు. మేం పోయిన నాటి నుంచి మూడు రోజులూ అక్కడే కూర్చున్నాడని, అన్నం ముద్ద ముట్టలేదని అత్త తర్వాత చెప్పింది. మా ఆయన బండి ఆపాడు. మామ కొడుకు వైపు పోలేదు. ముందు నుంచి తిరిగి నేనున్న వైపుకు వచ్చాడు. తలుపు పట్టుకుని, మూడేళ్లలో మొదటిసారి నా మొహంలోకి చూసి నాతోనే మాట్లాడాడు.

"ఇరిగిందా అమ్మీ?"

ఏమైందని అడగలేదు. విరిగిందా అని అడిగాడు.

"ఇరిగింది మామా" అన్నాను.

మా ఆయన స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి తల మాత్రం తిప్పాడు. "నీకు తెల్సా నాయనా?"

"నీళ్లు పోసినంక తెల్సింది. పోసిన చెయ్యి నాదే గదా." అన్నాడు మామ. "కోడలు ఆడనే ఉండె. నలభై ఏండ్లు సేసిన పనని అప్పుడే అంటి. ఆ పిల్ల ముందర ఎట్ల ఒప్పుకుందును? పొద్దున చెప్తామని అనుకుంటి. పొద్దున నువ్వు ఎల్లిపోతివి."

ఆయన నా ముందు చిన్నబోకూడదనుకున్నాడు. నేను ఆయన మెప్పు పోగొట్టుకోకూడదనుకున్నాను. మా ఇద్దరి మధ్య నా మొగుడు లారీ తోలుకుంటూ, పాటలు పాడుకుంటూ కనుమకు బయల్దేరాడు.

మా ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ముందున్న రోడ్డునే చూస్తూ, "ఇంట్లో ఇద్దరికి తెల్సు నేను సస్తానని" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి ఆయన లారీ తీసే ముందు ఒక అలవాటు పెట్టుకున్నాడు. ఇంజను స్టార్టు చేసి, వాకిట్లో ఉన్న నన్నూ, కొలిమి దగ్గర ఉన్న మామనూ చూసి అడిగేవాడు, "చెప్పేది ఏమన్నా ఉండాదా?" నవ్వులాటకు కాదు. మేం ఇద్దరం గట్టిగా, నోరు తెరిచి "ల్యాదు" అనేదాకా గేరు వేసేవాడు కాదు. మామ పోయాక నన్నొక్కదాన్నే అడిగేవాడు. లారీ నడిపినన్నాళ్లూ అడిగాడు. అడిగిన ప్రతిసారీ చెప్పకుండా ఏమైనా మిగిల్చానా అని లోపలంతా వెతుక్కునేదాన్ని.